ఆపినా నిలిచే కండ

"ఇది ఆపేస్తే వచ్చిన కండ పోతుందా సార్?"

కండ పెంచే పొడి డబ్బా చేతిలో పట్టుకుని ఈ ప్రశ్న అడగని మనిషిని జిమ్ మాస్టరు ఇంతవరకు చూడలేదు. బొద్దుగా ఉన్నవాడూ అడిగేవాడు, ఈనెపుల్లలా ఉన్నవాడూ అడిగేవాడు. పెళ్ళి కుదిరి ఫోటోల కోసం పరుగెత్తుకొచ్చినవాడైతే డబ్బా కొనేముందు ఒకసారి, కొన్నాక ఒకసారి అడిగేవాడు. మాస్టరు నోటితో జవాబు చెప్పేవాడు కాదు. టీషర్టు చేతిని భుజం దాకా ఎగదోసి, జబ్బ బిగించి, అడిగినవాడి ముక్కు కిందికి తెచ్చేవాడు.

"పట్టుకు చూడవయ్యా. ఇదేమన్నా గాలి బుడగా? కష్టపడి సంపాదించుకున్నది ఎక్కడికి పోతుంది! ఆపినా నిలుస్తుంది."

అంతటితో డబ్బా అమ్ముడుపోయేది. తమాషా ఏమిటంటే, ఆ సంగతి మాస్టరుకి తెలిసే అవకాశమే లేదు. ఆ పొడి మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఒక్క పూట కూడా అతను ఆపి ఎరగడు. తెలియని విషయాన్ని అంత ధీమాగా చెప్పడానికి కూడా కొంత కండ కావాలి, అది అతనికి దండిగా ఉండేది.

జిమ్ మెట్లెక్కగానే ఎదురయ్యే నిలువెత్తు ఫోటో అతనిదే. ఒంటికి నూనె రాసుకుని, ఎవరిమీదో పగబట్టినట్టు చూస్తుంటాడు. ఆ ఫోటో కింద గాజు బీరువా, బీరువా నిండా డబ్బాలు. ఫోటో చూసినవాడు తల దించితే డబ్బాలే కనబడాలని ఓనరు దగ్గరుండి మరీ అమర్చాడు. వీధి వీధంతా "మాస్టరూ" అని పిలిచే ఈ కొండలాంటి మనిషిని "ఒరే పుల్లా" అని పిలిచే హక్కు లోకంలో ఒక్క మనిషికే ఉంది. ఆమె అతని అక్క.

చిన్నప్పుడు అతను నిజంగానే పుల్ల. చొక్కా విప్పితే ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. తల్లి పోయేనాటికి ఇంకా పలకా బలపం దశలోనే ఉన్నాడు. అన్నం కలిపి పెట్టిందీ, జ్వరమొస్తే నుదురు మీద తడిగుడ్డ వేసిందీ, బడిలో కొట్టినవాడి ఇంటికెళ్ళి దులిపి ఆరేసి వచ్చిందీ అక్కే. పెళ్ళయ్యాక కూడా తమ్ముణ్ణి తనతోనే ఉంచుకుంది. బావ సిటీ బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి, ఇంట్లో కూడా హారన్ కొట్టి గానీ లోపలికి రాడని అక్క ఆటపట్టించేది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని అక్క స్కూలు యూనిఫారాలు, ఆఫీసు చొక్కాలు కుట్టేది. తమ్ముడి చొక్కాలన్నీ ఆమె చేతివే. షాపులో దొరికేవి ఛాతీకి పడితే నడుము దగ్గర గుడారంలా ఉండేవి.

ఆ అక్కకి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి.

ఇప్పుడు ఆమె రోజు విడిచి రోజు ఆసుపత్రికెళ్ళి మిషను పక్కన పడుకుంటోంది. ఒంట్లో రక్తమంతా ఆ మిషనులోకి వెళ్ళి శుభ్రపడి తిరిగొస్తుంది. అందుకోసం చేతిలో నరాలు కలిపి వేసిన దారి రెండుసార్లు పూడిపోయింది. చివరికి మెడ పక్కన గొట్టం పెట్టారు. ఆ గొట్టం ఎన్నాళ్ళో పనిచేసేది కాదని పెట్టిన రోజే చెప్పారు. బావ కిడ్నీ ఇస్తానంటే రక్తం కలవలేదు, పైగా ఆయనకి షుగరు. మిగిలింది తమ్ముడే. రక్తం అతికినట్టు కలిసింది.

"నీ ఒళ్ళు కోసి నాకు పెట్టడమేంట్రా, నోర్మూసుకో," అంది అక్క మొదట. అతను బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఆఖరికి ఆమె దిగివచ్చింది గానీ ఒక షరతు పెట్టింది. "నీ ఒంటికి గానీ నీ పనికి గానీ ఆవగింజంత నష్టం వచ్చిందని తెలిస్తే ఆపరేషను బల్ల మీంచి దిగొచ్చేస్తా. నా సంగతి తెలుసు కదా." తెలుసు. అందుకే నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

మొదటి పరీక్షల కాగితాలు చూసి డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ రక్తంలో క్రియాటినిన్ ఉండాల్సినదానికంటే ఎక్కువుందండీ. కిడ్నీ సరిగ్గా వడకట్టకపోతే ఇది పెరుగుతుంది. మీకున్నంత కండ ఉన్నా కొంత పెరుగుతుంది. మీ జిమ్ముల్లో కలుపుకు తాగే తెల్ల పొడి ఉంటుంది చూడండి, అది తాగినా పెరుగుతుంది. ఈ మూడింట్లో ఏదో నాకు తెలియాలి."

"పొడివల్లే మేడమ్. పొడివల్లే అయ్యుంటుంది."

"అయితే మానెయ్యండి. పొడులన్నీ. బరువులు కూడా తగ్గించండి. కొన్ని వారాలాగి మళ్ళీ రక్తం తీద్దాం. అంకె దిగితే ముందుకెళ్దాం. ఇంకా పెద్ద పరీక్షలు చాలా ఉన్నాయి, వాటిదాకా వెళ్ళాలన్నా ముందు ఇది దిగాలి. దిగలేదంటే మీ కిడ్నీకే ఏదో ఉందన్నమాట. అప్పుడు మీది మీ దగ్గరే ఉంటుంది."

అప్పుడు మాస్టరు నోట్లోంచి వచ్చిన మాట విని అతనే ఉలిక్కిపడ్డాడు.

"మానేస్తే ఇదంతా పోతుందా మేడమ్?"

డాక్టరమ్మ అతని జబ్బల కేసి చూసింది. ఆమెకి కోపం రాలేదు, అదే అతనికి ఇంకా సిగ్గనిపించింది. "కొంత పోతుంది. ఎంతో నేను చెప్పలేను. మీ అక్కగారి మెడలో గొట్టం ఎన్నాళ్ళు ఆగుతుందో కూడా చెప్పలేను," అంది.

బయటికొచ్చి బావకి మాత్రం చెప్పాడు. అక్కకి తెలియకూడదని ఆయన చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. తన ఒళ్ళు కరిగించుకుంటే తప్ప ఆపరేషను జరగదని తెలిస్తే ఆమె ఆ క్షణమే వద్దంటుంది. ఆసుపత్రి వాళ్ళకి సవాలక్ష కాగితాలు కావాలట, ఆలస్యమవుతుందట అని ఇంట్లో చెప్పారు. ఆ రోజే తన డబ్బాలన్నీ జిమ్‌లో పంచేశాడు. ఒక్కటి మిగిలింది, ఆ తెల్ల పొడిదే, అప్పుడే మూత తెరిచింది. దాన్ని పారేయడానికి అతనికి చెయ్యి రాలేదు. స్టూలెక్కి అటక మీద, అక్క పాత గుడ్డల మూటల వెనక్కి తోసేశాడు. ఆపరేషను అయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నాడు. ఆపరేషను అయ్యాక జన్మలో ముట్టకూడదని అతనికింకా ఎవరూ చెప్పలేదు.

కరగడం మొదలైంది. ముందు ఒంట్లో నీరు పోయింది. మొహం చిక్కింది, ఛాతీ మీద బిగుతు సడలింది. బరువు చూసే మిషనెక్కిన ప్రతిసారీ అతని గుండె జారిపోయేది. జిమ్‌లో నాలుగు గోడలకీ అద్దాలే, ఎటు తిరిగినా తనే. ఇదివరకు వాటి ముందునుంచి కదలని మనిషి ఇప్పుడు నేల చూపులు చూస్తూ నడిచేవాడు. ఇంట్లో తలుపు గడియ వేసుకుని, అక్క కొలత టేపు తీసుకుని జబ్బ చుట్టూ వేసి చూసుకునేవాడు. ఒక్కోసారి టేపు తప్పనిపించి మళ్ళీ చూసుకునేవాడు. అక్క ప్రాణం ముందు ఇదెంత అని తనని తానే తిట్టుకునేవాడు. తిట్టుకున్నంతసేపూ టేపు చేతిలోనే ఉండేది.

"ఏంటి మాస్టరూ, జబ్బా?" అన్నాడు ఓనరు. "జబ్బయితే సెలవు పెట్టు. జనం ఆ ఫోటో చూసి లోపలికొస్తారు, లోపల నిన్ను చూస్తారు, మళ్ళీ బయటికెళ్ళి ఫోటో చూస్తున్నారు. ఏం చెప్పుకోను నేను?"

"కొన్నాళ్ళు ఓపిక పట్టండి సార్. సర్దుకుంటుంది."

"డబ్బాలు కదలట్లేదయ్యా," అని ఓనరు నిట్టూర్చాడు.

ఇంట్లో అక్క కళ్ళు ఓనరు కళ్ళకంటే చురుకైనవి. బట్ట మీద వేలెడు తేడా వస్తే దూరంనుంచే పసిగట్టే మనిషి. తమ్ముడి చొక్కా భుజం కుట్టు చేతి మీదికి జారడం చూసింది. ఏమీ అనకుండా కుట్టు విప్పి లోపలికి పట్టి మళ్ళీ కుట్టింది. కొన్నాళ్ళకి మళ్ళీ విప్పింది.

"డబ్బా తాగడం మానేశావేంట్రా?"

"ఇప్పుడొచ్చే సరుకు బాగుండట్లేదక్కా. కల్తీ."

"అంతేనా?"

"అంతే. నాకేం, దిట్టంగా ఉన్నా."

దిట్టంగా ఉన్నవాడు గడియ వేసుకుని కొలత టేపుతో ఏం చేస్తున్నాడో ఆమె అడగలేదు. మిషను తొక్కుతూ కూర్చుంది.

తరవాత కొన్నాళ్ళకి వింత జరిగింది. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ అద్దంలో యథాలాపంగా చూసుకుంటే జబ్బ నిండుగా కనిపించింది. అతను నమ్మలేదు. జిమ్‌కెళ్ళి బరువు చూసుకున్నాడు, ముల్లు పైకెక్కింది. అయిదారు రోజులాగి చూస్తే ఇంకాస్త ఎక్కింది. చొక్కా మళ్ళీ ఛాతీ దగ్గర పట్టేస్తోంది. పొడి చిటికెడు లేదు, బరువులు కూడా సగమే ఎత్తుతున్నాడు. తినేదల్లా అక్క పెట్టిన అన్నం, తాగేదల్లా ఉదయాన్నే అక్క ఇచ్చే పాలు. ఈ మధ్య ఆమె గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడుతోంది, చుక్క మిగిల్చినా ఊరుకోవట్లేదు.

అతను చంకలు గుద్దుకున్నాడు. ఇన్నాళ్ళూ తను చెప్పింది నిజమేనన్నమాట! పోయినట్టు కనబడిందంతా వట్టి నీరు, అసలు కండ లోపలే ఉంది, ఒళ్ళు కాస్త కుదుటపడగానే తిరిగొచ్చింది. పొడితో వచ్చినా, అది తన సొంతమే. ఆ సంబరం ఎవరితోనైనా పంచుకోకపోతే తోచేలా లేదు. జిమ్‌లో బల్లెక్కి నిలబడినంత పని చేశాడు.

"నేను పొడి ఆపి ఎన్నాళ్ళయిందో తెలుసా? చూడండి. ఆపినా నిలుస్తుందని ఊరికే చెప్పానా!"

ఓనరు పొంగిపోయాడు. ఫోటో కింద పెద్ద అక్షరాలతో "ఆపినా నిలిచే కండ" అని రాయించాడు. ఆ వారం బీరువాలో ఒక అర ఖాళీ అయింది.

అక్క కూడా సంతోషించింది. కుట్టిన చొక్కా మళ్ళీ వదులు చేస్తూ, "ఇప్పుడు మనిషిలా ఉన్నావురా పుల్లా," అంది. ఆ రోజు ఆమె మొహంలో కూడా కాస్త కళ కనిపించింది. దేవుడు ఒకేసారి అన్నీ సర్దేస్తున్నాడనుకున్నాడు అతను.

రెండో పరీక్షకి ఈల వేసుకుంటూ వెళ్ళాడు. ఫలితం చూపించడానికి డాక్టరమ్మ అతన్ని కూర్చోమనలేదు.

"పెరిగింది."

"ఏది మేడమ్?"

"క్రియాటినిన్. మొదటిసారి కంటే ఎక్కువుంది. పొడి మానలేదు కదూ?"

"మానేశాను మేడమ్. ఒట్టు. చిటికెడు కూడా ముట్టలేదు."

"మరి ఈ జబ్బలు?"

అతను తన చేతుల వంక చూసుకున్నాడు. 

"చూడండి," అంది ఆమె, గొంతు పెంచకుండా. "రెండే దారులు. మీరు అబద్ధమైనా చెప్తుండాలి, లేకపోతే మీ కిడ్నీలైనా పాడై ఉండాలి. కిడ్నీ ఇచ్చినవాడు జీవితాంతం ఆ పొడుల జోలికి వెళ్ళకూడదు. నాలుగు వారాలు ఆగలేనివాడు జీవితాంతం ఆగుతాడని నేనెలా సంతకం పెట్టను? కిడ్నీలే పాడైతే అసలు మాటే లేదు. ఎలా చూసినా కుదరదు. ఇంకెవరైనా ఉన్నారేమో చూసుకోండి."

ఇంకెవరున్నారు?

ఆసుపత్రి గేటు దాటి ఎటు నడిచాడో అతనికి తెలియదు. అబద్ధం చెప్పలేదు, అంత మాత్రం నిజం. అంటే రెండోదే. కిడ్నీలు పాడైపోయాయి. ఇన్నేళ్ళు గుక్కెడేసి మింగిన పొడులు లోపల్లోపల వాటిని తినేశాయి. అక్క కోసం దేవుడు దాచిన రెండింటినీ తన సోకు కోసం తగలేసుకున్నాడు. షాపుల అద్దాల్లో పక్కనే నడుస్తున్న ఆ విశాలమైన ఛాతీ వాణ్ణి చూస్తే కాండ్రించి ఉమ్మాలనిపించింది. రోడ్డు దాటుతుంటే ఆటోవాడెవడో బూతులు తిట్టాడు. ఆ తిట్టు సరిగ్గా తనకోసమే పుట్టినట్టు అనిపించింది.

బస్టాండులో బావ బస్సు ఆగి ఉంది. స్టీరింగు దగ్గర కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాడు. విషయం వింటూ పోసిన టీ మూత నిండి ప్యాంటు మీద పడింది. తుడుచుకోలేదు.

"ఒక్క మాట అడుగుతా, ఏమీ అనుకోకు," అన్నాడు. "తాగలేదు కదా?"

"బావా!"

"కాదురా, ఈ మధ్య నువ్వు మళ్ళీ నిండుకున్నావు. నేనూ చూశా. అడగలేకపోయా."

"నీమీదొట్టు. అక్క మీదొట్టు."

"మీ అక్క మీద వద్దులే," అన్నాడు బావ చప్పున. కండక్టరు ఈల వేశాడు. బావ బస్సు స్టార్ట్ చేసి, కదిలించకుండా కాసేపలాగే కూర్చున్నాడు. వెనక జనం అరవడం మొదలుపెట్టాక గేరు వేశాడు.

ఇంటికొచ్చేసరికి అక్క యూనిఫారం చొక్కాకి గుండీలు కుడుతోంది. దాచి ప్రయోజనం లేదు. దాచినన్నాళ్ళూ ఒక ఆశ ఉండేది, ఇప్పుడు అదీ లేదు. ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు.

"అక్కా, నా కిడ్నీ పనికిరాదట."

సూది ఆగింది. "ఎవరన్నారు?"

"డాక్టరమ్మ. రక్తంలో ఏదో అంకె ఎక్కువొచ్చింది. మొదట్లోనే వచ్చింది, నీకు చెప్పలేదు. పొడి వల్లేమో, మానేసి చూడమన్నారు. మానేశా. దిగాల్సింది ఇంకా ఎక్కింది. పొడి మానినా ఎక్కిందంటే కిడ్నీలే పోయినట్టు. నేనే పోగొట్టుకున్నా అక్కా. నీకిద్దామంటే ఒంట్లో పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు."  అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఆమె మోకాలి మీద తల పెట్టి ఏడ్చాడు.

అక్క అతని జుట్టులో చెయ్యి వేయలేదు. అది అతనికి వెంటనే తెలిసింది, తల ఎత్తి చూశాడు. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"డాక్టరు మానమందా? అందుకా మానేసింది?"

"మరెందుకనుకున్నావు?"

"నా మందుల ఖర్చు చూసి నోరు కట్టుకుంటున్నావనుకున్నాన్రా. నాకోసం కృశించిపోతున్నావనుకున్నా. గదిలో టేపు పెట్టుకుని నువ్వు పడే బాధ తలుపు సందులోంచి చూశా. అటక మీద గుడ్డల కోసం ఎక్కితే డబ్బా కనబడింది." ఆమె సూదిని బట్టలో గుచ్చి పెట్టింది. "రోజూ పాలల్లో రెండు చెంచాలు నేనే కలుపుతున్నా పుల్లా."

ఇక్కడ అతనికి ముందుగా ఏం తోచిందో చెప్పి తీరాలి, ఎందుకంటే తరవాత జీవితమంతా అతను దాన్నే తలుచుకుని కుమిలిపోయాడు. కిడ్నీలు బాగానే ఉండొచ్చన్న మాట ముందు తోచలేదు. అక్క గొట్టం తోచలేదు. అతని చూపు తన జబ్బ మీదికి పోయింది. అయితే ఇది నిలవలేదన్నమాట, ఇది పాలల్లోంచి వచ్చిందన్నమాట అనుకున్నాడు. కన్ను మూసి తెరిచేంతసేపే. ఆ తరవాత మిగతావన్నీ తోచాయి.

"చంపేశావు కదక్కా."

"ఎవర్నిరా?"

"నిన్నే!" అని అరిచాడు. అరిచి బుర్ర బాదుకున్నాడు. "ఒక్క మాట అడిగితే ఏం పోయేది?"

"నువ్వొక్క మాట చెప్తే ఏం పోయేది?"

"చెప్తే వద్దనేదానివి."

"అనేదాన్నే," అంది ఆమె.  గుండీలన్నీ నేల మీద దొర్లిపోయి ఉన్నాయి, అతను ఒక్కొక్కటే ఏరి ఆమె ఒళ్ళో పోశాడు.

మర్నాడు అక్క తనే డాక్టరమ్మ గదిలోకి నడిచి, డబ్బా బల్ల మీద పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. డాక్టరమ్మ ఇలాంటి కథలు బోలెడు విని ఉంటుంది. అక్క చేతుల్ని, సూదిపోట్లు పడ్డ ఆ వేళ్ళని చూసిందో ఏమో, చివరికి నమ్మింది. నమ్మినా రక్తం అంకె మారదు కదా. మళ్ళీ మొదటికి. మళ్ళీ వారాలు.

"ఈసారి పాలు మీరే కాచుకోండి," అంది అతనితో. ఎవరూ నవ్వలేదు.

ఆ వారాల్లో మాస్టరు కొత్త మనిషయ్యాడు. ఒకప్పుడు ముల్లు దిగితే గుండె జారినవాడు ఇప్పుడు ముల్లు దిగాలని మొక్కుకుంటున్నాడు. ఉదయం లేస్తూనే జబ్బ తడుముకుని, "ఇంకా ఉన్నావేంట్రా, కరిగి చావు," అని తిట్టేవాడు. కరగమన్నప్పుడు అది తాపీగా కరిగేది. జిమ్‌లో ఓనరు రాయించిన పెద్ద అక్షరాల కింద నిలబడి ఒకాయన డబ్బా చేతిలో తిప్పుతూ, "నిజంగానే ఆపినా నిలుస్తుందా సార్?" అని అడిగాడు.

"నీళ్ళు పోతాయండీ," అన్నాడు మాస్టరు. "ముందు అవే పోతాయి. మీరు చెమటోడ్చి ఎత్తింది కొంత నిలుస్తుంది, అదీ ఎత్తుతూ తింటూ ఉన్నన్నాళ్ళే. డబ్బా ఇచ్చింది మాత్రం డబ్బాతోనే పోతుంది. ఇన్నాళ్ళూ నేను చెప్పింది నాకు తెలియక చెప్పింది."

ఆయన డబ్బా బీరువాలో పెట్టేసి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఓనరు ఫోటో దింపించి, మాస్టర్ని కూడా దింపేశాడు. మాస్టరు గొడవ పడలేదు. ఇక పగలంతా ఆసుపత్రిలోనే ఉండొచ్చని అనుకున్నాడు.

ఉండాల్సిన అవసరం కూడా వచ్చింది. మిషను పక్కన పడుకున్న అక్కకి ఒక రోజు ఉన్నట్టుండి చలి పట్టుకుంది. పళ్ళు టకటకలాడాయి, దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు ఆగలేదు. మెడ గొట్టంలోంచి క్రిములు రక్తంలోకి దిగాయన్నారు. ఆ గొట్టం తీసేసి వేరేచోట ఇంకోటి పెట్టారు. మందులెక్కించారు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. బావ సెలవు పెట్టి వరండాలో బెంచీ మీద మకాం వేశాడు. ఎప్పుడు చూసినా రెండు చేతులూ ముందుకు చాపి, లేని స్టీరింగు పట్టుకున్నట్టు కూర్చునేవాడు.

"త్వరగా తీయండి నా రక్తం," అని మాస్టరు నర్సుల వెంట పడ్డాడు. "దిగిపోయుంటుంది. చూడండి ఎలా అయ్యానో." నిజమే, అతన్ని చూసి జిమ్ మాస్టరంటే ఎవరూ నమ్మేలా లేరు. అక్కకి చొక్కా కుట్టు లోపలికి పట్టే ఓపిక లేదు. భుజాలు జారి, చేతులు వేళ్ళ దాకా వచ్చి, ఎవరిదో చొక్కా తొడుక్కున్నవాడిలా తిరిగేవాడు. గడువు పూర్తయిన రోజు అందరికంటే ముందు వెళ్ళి చెయ్యి చాపాడు.

ఈసారి డాక్టరమ్మ కూర్చోమంది.

"దిగింది. పూర్తిగా దిగింది. వ్యవధి లేదని ముందే చేయించిన మిగతా పరీక్షలు కూడా నిన్ననే వచ్చాయి. మీ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయి."

అతను రెండు చేతులూ జోడించాడు. "ఎప్పుడు మేడమ్? రేపా?"

ఆమె కాగితాలన్నీ సర్ది, మళ్ళీ విప్పి, మళ్ళీ సర్దింది.

"మీ అక్కగారి రక్తంలో దిగిన క్రిములు గుండె దాకా వెళ్ళాయి. కవాటం ఒకటి దెబ్బతింది. ఈ పరిస్థితిలో మత్తు ఇస్తే బల్ల మీదే పోవచ్చు. ముందు అది మానాలి."

"మానుతుంది కదా? ఎన్నాళ్ళో చెప్పండి, ఆగుతాను. ఆగడం నాకొచ్చు మేడమ్. జీవితాంతం కావాలన్నా ఆగుతాను."

"మందులు వేస్తున్నాం," అంది డాక్టరమ్మ. అతను ఇంకేదో చెబుతుందని ఎదురుచూశాడు. ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

వార్డులో అక్క కళ్ళు తెరిచే ఉంది. తలుపు దగ్గర్నుంచే అతని మొహంలో వెతుక్కుంది.

"ఏమొచ్చింది?"

"బాగుందట. దిగిపోయిందట. నావి రెండూ శుభ్రంగా ఉన్నాయట."

"నిజంగా?"

"నిజంగా. అక్కా, నీ మీదొట్టు."

ఆమె మొహం విచ్చుకుంది. ఎన్నాళ్ళుగానో గుండెల మీద ఉన్న బరువు ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు పొడుగ్గా ఊపిరి వదిలింది. "అయితే నా పాలు నిన్నేం చెయ్యలేదన్నమాట. అదే బెంగరా నాకు. కళ్ళు మూస్తే అదే. నిన్ను నా చేత్తో పాడు చేశానేమోనని." వెంటనే, "ఎప్పుడంట మరి?" అంది.

"త్వరలోనే," అన్నాడు. "నువ్వు కాస్త కోలుకోవాలంతే."

"కోలుకుంటా," అంది అక్క.

నర్సు దుప్పట్లు మార్చడానికి వచ్చింది. "ఒక్క నిమిషం పేషెంటుని ఎత్తి పట్టుకోగలరా?" అని అడిగి, వేలాడుతున్న అతని చొక్కా చేతుల్ని చూసి, "వద్దులెండి, ఇంకొకర్ని పిలుస్తా," అంది.

"నేను ఎత్తుతా," అన్నాడు అతను.

ఒక చెయ్యి ఆమె వీపు కిందికి, ఒక చెయ్యి మోకాళ్ళ కిందికి పోనిచ్చాడు. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ మడమలు నేలకి తన్నిపెట్టి, పొట్ట బిగించి, ఊపిరి బంధించి, ఒంట్లో మిగిలిన బలమంతా కూడదీసుకుని ఎత్తాడు. ఆమె గుడ్డల మూటలా పైకి లేచిపోయింది. పట్టిన బలం పట్టినట్టే మిగిలిపోయి అతను రెండడుగులు వెనక్కి తూలి గోడకి ఆనుకున్నాడు. అక్క భయపడి అతని మెడ చుట్టూ చెయ్యి వేసింది.

"బరువున్నానా?" అంది.

"అవునక్కా," అన్నాడు. "బరువున్నావు."